వైద్య విద్యార్థి పక్కన ఒక పెద్ద దిక్కు కావాలి

సంపాదకులకు,

నమస్కారం. కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలల్లో అధ్యాపకుల ఖాళీల గురించి, తనిఖీల గురించి, హాజరు యంత్రాల గురించి మీ పత్రికలో తరచు వార్తలు వస్తున్నాయి. వాటిని నేను వదలకుండా చదువుతాను. జనరల్ మెడిసిన్ అధ్యాపకురాలిగా ముప్ఫై ఏళ్లకు పైగా ఈ నగరంలోనూ జిల్లాల్లోనూ పనిచేసి పదవీ విరమణ చేసిన నాకు ఆ వార్తల్లో ఎప్పుడూ ఒక వెలితి కనిపిస్తుంది. ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయి, ఎన్ని సీట్లు పెరిగాయి, ఎన్ని పడకలు తగ్గాయి అన్న లెక్కలు ఉంటాయి గాని, ఉన్న అధ్యాపకుడి దగ్గర విద్యార్థికి దొరికే సమయం ఎంత, ఆ అధ్యాపకుడు తాను కొత్తగా ఒక సంగతి నేర్చుకుని ఎన్నాళ్లయింది అన్న ప్రశ్న మాత్రం రాదు. ఈ ఉత్తరం ఆ ప్రశ్న గురించే. కొంచెం పొడుగైనా ప్రచురించమని కోరుతున్నాను.

1980లో నేను హౌస్ సర్జన్‌గా ఉన్నాను. ఒక ఉదయం రౌండ్స్‌లో మా యూనిట్ చీఫ్ ఒక రోగి మంచం దగ్గర ఆగి, స్ప్లీన్, అంటే ప్లీహం, చేతికి తగిలిందా అని నన్ను అడిగారు. తగల్లేదని చెప్పాను. ఆయన కోప్పడలేదు. నా కుడిచేతిని పట్టుకుని రోగి పొట్టమీద కుడివైపు కింది మూలన, గజ్జకు కాస్త పైన పెట్టారు. అక్కడి నుంచి ఎడమ పక్కటెముకల వైపు ఏటవాలుగా, ఒక్కొక్క ఊపిరికి ఒక్కొక్క వేలి మందం జరుపుతూ రమ్మన్నారు. “అతను గాలి పీల్చేటప్పుడు నీ చేయి కదపకు. అదే దిగి వచ్చి నీ వేలికి తగులుతుంది” అన్నారు. బొడ్డు దాకా కూడా వెళ్లకముందే గట్టిగా, నున్నగా ఒక అంచు వచ్చి నా చూపుడు వేలిని తాకింది. అంత పెద్ద స్ప్లీన్ నాకు తెలియకపోవడానికి కారణం, నేను పక్కటెముకల దగ్గరే మొదలుపెట్టి, సరిగ్గా దాని మీదనే చేయి ఆనించి, అంచు కోసం వెతకడం. ఎక్కడ మొదలుపెట్టాలో పుస్తకంలో ఉంది, పరీక్షకు నేను చదివి అప్పజెప్పాను కూడా. నా చేతికి మాత్రం ఆ రోజే వచ్చింది. తరవాతి ముప్ఫై ఏళ్లలో కొన్ని వందలమంది పిల్లల చేతులను నేను అదే చోట పెట్టాను.

ఆ చీఫ్‌గారి గురించే ఇంకొక సంగతి చెప్పాలి. పెళ్లి భోజనం చేసి రాత్రి పడుకున్న యువకుడొకడు తెల్లవారి కాళ్లు లేపలేక, నలుగురి చేతుల మీద వార్డుకు వచ్చాడు. రక్తంలో పొటాషియం బాగా తగ్గిపోయి ఉంది. పొటాషియం ఇచ్చాం, సాయంత్రానికి లేచి కూర్చున్నాడు, అందరం సంతోషించాం. నాతోటి హౌస్ సర్జన్ ఒకామె మాత్రం, అతను చేతులు చాపినప్పుడు వేళ్లు సన్నగా వణుకుతున్నాయని, నాడి కూడా వేగంగా ఉందని, దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా సర్ అని నలుగురి మధ్య అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, “నేను వేళ్లు చూడలేదమ్మా. సంబంధం ఉందో లేదో నాకు తెలియదు, చదివి చెప్తాను” అన్నారు. మర్నాడు ఉదయం ఆయన కోటు జేబులో గ్రంథాలయంలో రాసుకున్న చిన్న కాగితం ఉంది. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసే కొందరు మగవాళ్లలో, పిండిపదార్థాలు దండిగా తిన్న రాత్రి, పొటాషియం కణాల్లోకి పోయి కండరాలు చచ్చుబడతాయని మాకు చదివి వినిపించారు. పరీక్ష చేయిస్తే థైరాయిడే. అప్పటికి ఆయన పాతికేళ్లుగా పాఠం చెబుతున్న మనిషి. ఆ ఒక్క ఉదయం మాకు ఆయన రెండు పనులు చూపించారు. తెలియనిది తెలియదని వార్డులో అందరి ఎదుటా అనవచ్చని, అన్న తరవాత ఆ రాత్రే కూర్చుని చదవాలని.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. పై సంగతులు చెప్పి అది దాచడం ధర్మం కాదు.

నేను యూనిట్‌కు పెద్దగా ఉన్న రోజుల్లో, ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అనవసరం, నా దగ్గర ఒక పీజీ అమ్మాయి ఉండేది. పల్లెటూరి నుంచి వచ్చిన పిల్ల, పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం, ఇంటిలో మొదటి డాక్టరు. ఒక అడ్మిషన్ రోజు రాత్రి పురుగుల మందు తాగిన యువ రైతును నల్గొండ వైపు నుంచి తెచ్చారు. నోటి నుంచి నురగ, ఒళ్లంతా చెమట, సూదిమొనలంత కంటిపాపలు. ఆ అమ్మాయి రాత్రంతా మంచం పక్కనే నిలబడి విరుగుడు మందు ఆట్రోపిన్ ఇచ్చింది. తెల్లవారేసరికి ఊపిరితిత్తులు తేలికపడ్డాయి, రెండో రోజు అతను భార్యతో మాట్లాడాడు. మూడో రోజు తెల్లవారుజామున ఊపిరి పైపైన ఆడటం మొదలైంది. గొంతులో ట్యూబు వేసేసరికి ఆలస్యమైంది. అతను పోయాడు. “నిన్న మంచిగనే మాట్లాడిండు గదా డాక్టరమ్మా” అని అతని భార్య ఆ పిల్ల చేయి పట్టుకుని అడిగిందని నర్సులు తరవాత చెప్పారు.

విషం దిగిపోయిందనుకున్నాక, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య, మెడ కండరాలు, ఊపిరి కండరాలు హఠాత్తుగా నీరసించే స్థితి ఒకటి ఉంది. దానిని శ్రీలంక వైద్యులు 1987లో విడిగా గుర్తించి, ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అని పేరు పెట్టి వర్ణించారు. ఆట్రోపిన్ దానికి పనిచేయదు, సకాలంలో కృత్రిమ శ్వాస ఒక్కటే దారి. నేను ఎండీ చదివేనాటికి ఆ మాట ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. అధ్యాపకురాలినయ్యాక పత్రికల్లో చదివి తెలుసుకున్నాను. దానిని ముందుగా పసిగట్టే ఉపాయం చాలా చిన్నది: రోగిని దిండు మీద నుంచి తల ఎత్తమనాలి. ఎత్తలేకపోతే ఊపిరికి ముప్పు దగ్గర పడిందని అర్థం. ఇది నాకు తెలుసు. రౌండ్స్‌లో ఆ రోగి దగ్గర నేను నిమిషమో రెండు నిమిషాలో ఆగాను, బాగున్నాడు కదా అని ముందుకు వెళ్లిపోయాను. ఆ పిల్లకు ఆ ఒక్క ముక్క చెప్పలేదు.

రెండు రోజుల తరవాత సాయంత్రం ఆమె థీసిస్ కాగితాలు పట్టుకుని నా గదికి వచ్చింది. నేను సంతకాలు పెట్టాను. ఆమె కదలకుండా నిలబడి, “మేడమ్, ఆ కేసులో నేను ఏదైనా...” అంది. నాకు ఆ సాయంత్రం ఒక సమావేశం ఉంది. అలాంటి కేసులు పోతుంటాయమ్మా, మనసులో పెట్టుకోకు, వచ్చే వారం మాట్లాడుకుందాం అని చెప్పి పంపించాను. వచ్చే వారం రాలేదు. ఆమె రాలేదు, నేనూ పిలవలేదు. పదేళ్ల తరవాత హైదరాబాదులోనే ఒక సదస్సులో కలిసింది. మంచి వైద్యురాలైంది, తానే పీజీలకు పాఠం చెబుతోంది. టీ తాగుతూ ఆ రోగి మాట నేనే ఎత్తాను. ఆమె కళ్లు దించుకుని, “ఆ రోజు మీరు నన్ను కూర్చోమని కూడా అనలేదు మేడమ్” అంది. ఆ తరవాత ఏడాదికి పైగా, పురుగుల మందు కేసు వస్తుందంటే చాలు, డ్యూటీ మార్చుకునేదట. రోగి పోవడానికి కారణం ఏమిటో చివరికి తానే పుస్తకాలు తిరగేసి తెలుసుకుందట. నా గది తలుపు అవతల, నాకు తెలిసిన సంగతినే, ఆమె ఒంటరిగా ఏడాది పాటు వెతుక్కుంది.

వైద్య విద్యలో మెంటార్, అంటే పక్కనుండి దారి చూపే పెద్ద, అనే మాట ఇప్పుడు బాగా వినిపిస్తోంది. 2019లో చేరిన ఎంబీబీఎస్ బ్యాచ్ నుంచి నైపుణ్యాల ఆధారంగా బోధించాలన్న కొత్త పాఠ్యప్రణాళిక దేశమంతటా అమలైంది. వైఖరి, నైతికత, రోగితో మాట్లాడే తీరు కూడా పాఠాలుగా వచ్చాయి, ప్రతి నైపుణ్యానికీ లాగ్ బుక్‌లో అధ్యాపకుడి సంతకం కావాలి. ఇవి మంచి మార్పులే, వాటిని నేను మనసారా మెచ్చుకుంటాను. నేను చూసిన కళాశాలల్లో నోటీసు బోర్డు మీద మెంటార్ల జాబితా కూడా ఉంటోంది, ఫలానా రోల్ నంబరు నుంచి ఫలానా రోల్ నంబరు వరకు ఫలానా వారు అని. కాని ఆ జాబితాలోని అధ్యాపకుడికి ఆ పని కోసం డ్యూటీ పట్టికలో ఒక్క గంట కూడా కేటాయించరు. ఓపీ చూడాలి, వార్డు చూడాలి, ఆరోగ్యశ్రీ కాగితాలు చూడాలి, పరీక్షలు పెట్టాలి, తనిఖీకి రికార్డులు సిద్ధం చేయాలి, మిగిలిన సమయంలో మెంటార్‌గా ఉండాలి. మిగిలిన సమయం అంటూ ఏదీ ఉండదు కనుక లాగ్ బుక్కులన్నీ నెలాఖరున ఒక్కసారే బల్ల మీద కుప్పగా పడతాయి, సంతకాలన్నీ ఒకే సిరాతో, ఒకే సాయంత్రం పడతాయి. నేనూ అలా పెట్టినదాన్నే.

గైడ్ వేరు, మెంటార్ వేరు అన్న తేడా కూడా మన దగ్గర చెరిగిపోయింది. పీజీకి థీసిస్ గైడ్ ఉంటారు. ఆయన సంతకం లేకపోతే థీసిస్ కదలదు, థీసిస్ కదలకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. అంత అధికారం చేతిలో ఉన్న మనిషి దగ్గరికి వెళ్లి, సర్ నిన్న రాత్రి నేను తప్పు చేశానేమో, నాకు నిద్ర పట్టడం లేదు, అని ఏ పిల్లవాడు చెప్పగలడు? మార్కులు వేసే చేయి ఒకటి, వెన్ను తట్టే చేయి ఇంకొకటి అయి ఉండాలి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చి, ఇంగ్లీషులో కేసు చెప్పడానికి తడబడి, ఆ తడబాటునే తెలివితక్కువతనంగా లెక్కగట్టే వారి మధ్య నలిగిపోయే పిల్లలకు ఇది మరీ అవసరం. నా యూనిట్‌లో అందరికన్నా బాగా రోగి కథ రాబట్టేవారు తరచుగా వాళ్లే ఉండేవారు, ఎందుకంటే రోగి మాట్లాడేది వాళ్ల ఇంటి భాషే.

పెద్దవారి చేతిలోని అధికారం ఎంత చేటు చేయగలదో తెలుగువారికి యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం కన్నా వేరే ఉదాహరణ అక్కర్లేదు. భీమవరంలో 1895లో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్ చేరిన ఆ మనిషి అక్కడి అధ్యాపకుడు సైరస్ ఫిస్క్‌తో కలిసి శరీరద్రవాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఇద్దరి పేర్లతో ఆ పద్ధతి నేటికీ జీవరసాయన పాఠాల్లో ఉంది. కాని అదే విభాగంలో అప్పట్లో విద్యార్థిగా ఉండి, తరవాత 1988లో నోబెల్ అందుకున్న జార్జి హిచింగ్స్, సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలను ఏళ్ల తరవాత ఇతరులు మళ్లీ కనిపెట్టవలసి వచ్చిందని, ఫిస్క్ వాటిని వెలుగు చూడనివ్వకపోవడమే అందుకు కారణమని చెప్పారు. హార్వర్డ్‌లో స్థిరమైన పదవి దక్కని సుబ్బారావు 1940లో లెడర్లీ పరిశోధనశాలకు వెళ్లారు, బోదకాలుకు మనం ఈనాటికీ పంచుతున్న డీఈసీ మందు అక్కడ ఆయన బృందం చేసిన పని నుంచే వచ్చింది. ఆయన ప్రతిభ వేరే చోట మొలకెత్తింది. అందరికీ అంత బలం ఉండదు.

ఇక జిల్లాల సంగతి. 2014లో తెలంగాణ ఏర్పడేనాటికి ప్రభుత్వ వైద్య కళాశాలలు ఐదు. 2022 నవంబరులో ఒకే రోజున ఎనిమిది, 2023 సెప్టెంబరులో ఒకే రోజున తొమ్మిది మొదలయ్యాయి. ఇప్పుడు జిల్లాకొకటి చొప్పున వచ్చాయి. మా కాలంలో హైదరాబాదు లేదా వరంగల్ దాకా రావలసిన రోగికి తన జిల్లాలోనే స్పెషలిస్టు దొరుకుతున్నాడంటే అది చిన్న మేలు కాదు. అయితే ఆ కళాశాలల్లో పనిచేసే అసిస్టెంట్ ప్రొఫెసర్లు చాలామంది నిన్నమొన్న పీజీ ముగించినవారు. విద్యార్థికి పెద్ద దిక్కు వాళ్లే. మరి వాళ్లకు పెద్ద దిక్కు ఎవరు? నూట యాభై ఏళ్లు దాటిన ఉస్మానియాలోనూ, 1954లో పుట్టిన గాంధీలోనూ ఒక యువ అధ్యాపకుడికి పక్క యూనిట్‌లో కనీసం ముగ్గురు నెరిసిన తలలు ఉంటాయి. కారిడార్‌లో ఆపి ఎక్స్‌రే చూపించి, ఇది ఏమంటారు సర్ అని అడగవచ్చు. కొత్త కళాశాలలో ఆ కారిడార్ లేదు. గోడలు లేచినంత వేగంగా నెరిసిన తలలు రావు.

ఒకరికి పెద్ద దిక్కుగా ఉండటానికి దూరం అడ్డు కాదని చెప్పడానికి మనం ఎక్కడికో పోనక్కర్లేదు, బేగంపేట చాలు. అక్కడ 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూసిన సంగతి మన బడి పిల్లలకు కూడా తెలుసు. అంతకు ముందు రెండేళ్లు ఆయన దోమలను కోస్తూ ఏమీ దొరక్క విసిగిపోయిన సంగతి అంతగా తెలియదు. ఆ రెండేళ్లూ ఆయనను నిలబెట్టింది లండన్‌లో ఉన్న ప్యాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడి ఉత్తరాలు. 1894లో రాస్ సెలవు మీద వెళ్లినప్పుడు సూక్ష్మదర్శినిలో మలేరియా పరాన్నజీవిని మొదట చూపించింది మాన్సనే. ఆ తరవాత ఇద్దరి మధ్యా నడిచిన ఉత్తరాలు 150కి పైగా దొరికాయి. ఓడలో ఉత్తరం వెళ్లి జవాబు రావడానికి వారాలు పట్టే కాలం అది. రాస్ తాను చూసినదల్లా రాసేవాడు, గాజు పలకలు పంపేవాడు, మాన్సన్ చూసి అది ఇది కావచ్చు, ఇలా చేసి చూడు, వదలకు అని రాసేవాడు. మరొక విశేషం ఉంది. దోమలో పరాన్నజీవి ఉంటుందని మాన్సన్ ఊహించింది నిజమే గాని, దోమ చచ్చి పడిన నీళ్లు తాగితే మనిషికి జబ్బు వస్తుందని ఆయన అనుకున్నది తప్పు. కుట్టడం వల్లనే వస్తుందని మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మీద చేసిన పనితో రాస్ చూపించాడు. గురువు ఊహ సగమే నిజమైంది, అయినా శిష్యుడిని వదలకుండా వెంట నడిచాడు, శిష్యుడు మిగతా సగాన్ని దిద్దాడు. రాస్‌ను సైనిక విధుల నుంచి తప్పించి పరిశోధనకు పంపమని ప్రభుత్వం చుట్టూ తిరిగింది కూడా మాన్సనే. తరవాతి కాలంలో ఇద్దరికీ పొరపొచ్చాలు వచ్చిన మాట నిజమే, అయినా బేగంపేట పనిలో ఆ ఉత్తరాల వాటా తగ్గదు. ఈనాడు సిరిసిల్ల నుంచి హైదరాబాదుకు ఎక్స్‌రే ఫోటో చేరడానికి రెండు క్షణాలు పడుతుంది. ఫోన్లో అవతలి వైపు ఎత్తే మనిషి కావాలి.

ఆ ఎత్తే మనిషి తాను కూడా నేర్చుకుంటూ ఉంటేనే ప్రయోజనం. ఈ మాట ఎందుకంటున్నానో చెప్పడానికి అల్సర్ కథ ఒక్కటి చాలు. నేను చదువుకునేనాటికి డ్యుయోడినల్ అల్సర్ (చిన్నపేగు మొదట్లో వచ్చే పుండు) రోగులతో సర్జరీ వార్డులు నిండి ఉండేవి, నరం కోసి, కడుపును పేగుకు కలిపి కుట్టే ఆపరేషన్ వారానికి రెండు మూడు జరిగేవి. అది ఒత్తిడి వల్ల, మిరపకారం వల్ల, ఆమ్లం వల్ల వస్తుందని మాకు నేర్పారు, మేమూ నేర్పాం. ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ కడుపులోని ఒక బ్యాక్టీరియా అందుకు కారణమని 1980లలో చూపించారు, 2005లో వారికి నోబెల్ వచ్చింది. రెండు వారాల మాత్రలతో పోయే జబ్బుకు జీవితమంతా కత్తి పట్టిన ఒక సర్జన్‌గారు, నాకు బాగా తెలిసిన పెద్దమనిషి, ఆ వ్యాసాలు తెప్పించుకుని చదివి, తన పీజీల ఎదుట కూర్చుని, నేను మీ సీనియర్లకు చెప్పిన పాఠం మారిందర్రా అని కొత్తగా మొదటి నుంచి చెప్పారు. కొందరు మాత్రం పదవీ విరమణ దాకా పాత పాఠమే చెప్పి వెళ్లిపోయారు, వారి విద్యార్థులు పరీక్షలో అదే రాసి దెబ్బతిన్నారు.

ఈ ప్రమాదం మన ఊరి చరిత్రలోనే ఉంది. 1846లో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూలుకు ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుడు పెద్దగా ఉన్నకాలంలో, మత్తుమందు క్లోరోఫాం ఇచ్చేటప్పుడు శ్వాసను కనిపెట్టుకుని ఉంటే చాలు, నాడి చూడనక్కర్లేదు, గుండెకు దాని వల్ల నేరుగా ముప్పు లేదు అని ఆయన విద్యార్థులకు నూరిపోశారు. నిజాం ఇచ్చిన ధనంతో 1888లో, 1889లో ఆ మత్తుమందును పరీక్షించే క్లోరోఫాం కమిషన్లు ఇక్కడే కూర్చున్నాయి, ప్రపంచమంతా హైదరాబాదు పేరు చెప్పుకుంది. శ్వాసను గమనించమన్న పాఠం గొప్పదే. కాని క్లోరోఫాం గుండె లయను హఠాత్తుగా చెదరగొట్టి చంపగలదని 1911లో లెవీ అనే వైద్యుడి ప్రయోగాలు చూపించాయి. అదే లారీ శిక్షణలో 1889లో పట్టా పొంది మత్తు వైద్యంలో పనిచేసిన రూపాబాయి ఫర్దూన్‌జీ, ఎన్నో ఏళ్లు క్లోరోఫాం ఇచ్చిన అనుభవం తరవాత కూడా, తన పనికి భౌతిక, రసాయన శాస్త్రాలు ఇంకా తెలియాలని ఎడిన్‌బరో వెళ్లి చదువుకుని తిరిగి వచ్చారు. గురువుగారి ప్రతిష్ఠ నీడలో ఆగిపోకుండా మళ్లీ విద్యార్థిగా బెంచీ మీద కూర్చున్న ఆమె బొమ్మను మన వైద్య కళాశాలలన్నిటిలో పెట్టాలని నాకు ఎప్పటి నుంచో కోరిక.

మన నిబంధనల్లో జీవితాంత అభ్యాసానికి ఎంత చోటుంది? వైద్యుల ప్రవర్తనా నియమావళి, 2002 ప్రకారం ఐదేళ్లలో కనీసం 30 గంటలు నిరంతర వైద్య విద్యా కార్యక్రమాలకు వెళ్లాలి. అంటే ఏడాదికి ఆరు గంటలు, ఒక పీజీ రాత్రి డ్యూటీలో సగం. ఆ ఆరు గంటలైనా హోటల్ హాలులో, మందుల కంపెనీ బ్యానర్ కింద, భోజనానికి ముందు రిజిస్టర్‌లో సంతకం పెట్టి పాయింట్లు తెచ్చుకోవడంగా మారిపోయిన సందర్భాలు నేను చూశాను. అన్నీ అలాంటివని అనను, మంచి సదస్సులు నాకు చాలా నేర్పాయి. కాని వైద్యుడు నిజంగా నేర్చుకునేది తన రోగి వల్ల తనకు పుట్టిన ప్రశ్నకు జవాబు వెతికినప్పుడు, ఆ ప్రశ్నను వినే మరో వైద్యుడు పక్కనున్నప్పుడు. కోవిడ్ మొదటి నెలల్లో గాంధీలో పనిచేసినవారిని అడగండి. ఆ జబ్బులో ప్రొఫెసర్‌కూ హౌస్ సర్జన్‌కూ ఒకే రోజున ఓనమాలు మొదలయ్యాయి, రోగిని బోర్లా పడుకోబెడితే ఆక్సిజన్ పెరుగుతోందని వార్డులో ఉన్న పిల్లలు చెబితే పెద్దలు విన్నారు.

నేను ప్రభుత్వాన్ని, వైద్య విద్యా శాఖను అడిగేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. మొట్టమొదట, ప్రతి అధ్యాపకుడి డ్యూటీ పట్టికలో వారానికి రెండు గంటలు మెంటార్ పనికి అని రాసి పెట్టాలి. ఆ గంటల్లో ఓపీకి పిలవకూడదు, తనిఖీ కాగితాలు ఇవ్వకూడదు. పట్టికలో లేనిది ఆసుపత్రిలో జరగదు, ముప్ఫై ఏళ్లలో నాకు బాగా అర్థమైన సంగతి ఇది. పీజీకి మెంటార్‌గా అతని థీసిస్ గైడ్‌ను గాని, అతనికి మార్కులు వేసేవారిని గాని వేయకూడదు, వీలైతే వేరే విభాగం నుంచి వేయాలి. నెలనెలా జరిగే మరణాల సమీక్ష సమావేశంలో మొదటి కేసు ఎప్పుడూ సీనియర్ అధ్యాపకుడిదే కావాలి, తన చేతిలో పోయిన రోగి గురించి ఆయనే చెప్పాలి. పెద్దవారు ముందు నోరు విప్పితే గాని పిల్లలు విప్పరు, ఇప్పుడు ఆ సమావేశాలు చాలాచోట్ల కోర్టు విచారణల్లా నడుస్తున్నాయి. పదోన్నతికి పరిశోధన పత్రాలు లెక్కిస్తున్నారు, లెక్కించండి. దానితో పాటు, ఆ అధ్యాపకుడి దగ్గర చదివి వెళ్లిన వారి అభిప్రాయాన్ని కూడా పేర్లు బయటపెట్టకుండా సేకరించి ఫైల్లో పెట్టండి.

జిల్లా రెసిడెన్సీ పేరుతో పీజీలు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేసే ఏర్పాటు ఇప్పటికే ఉంది. ఆ మూడు నెలలూ అతని మాతృ కళాశాల నుంచి ఒకరు వారానికి ఒక్కసారైనా ఫోన్ చేసి మాట్లాడుతున్నారా అని ఎవరూ చూడటం లేదు. పాము కాటు, పురుగుల మందు, ప్రసవానంతర రక్తస్రావం అన్నీ ముందు అక్కడికే వస్తాయి కనుక అతను తన జీవితంలో అత్యధికంగా నేర్చుకునేది ఆ మూడు నెలల్లోనే. వెనక ఒక గొంతు ఉంటే ధైర్యంగా నేర్చుకుంటాడు, లేకపోతే మొక్కుబడిగా రోజులు లెక్కపెట్టి తిరిగి వస్తాడు.

చివరిగా, ఈ నగరంలో పదవీ విరమణ చేసిన వైద్య అధ్యాపకులం వందల్లో ఉన్నాం. నల్లకుంట, విద్యానగర్, తార్నాక, దిల్‌సుఖ్‌నగర్ వీధుల్లో సాయంత్రం నడకకు వెళ్లే పెద్దవారిలో ఎంతమంది ఒకప్పుడు ఏ వార్డును నడిపారో ఇరుగుపొరుగు వారికి కూడా తెలియదు. మాలో ఇష్టమున్నవారి పేర్లు తీసుకుని, కొత్త కళాశాలల్లోని ఒక్కొక్క యువ అధ్యాపకుడికి ఒక్కొక్కరిని జతచేయండి. మేం పాలించడానికి రాము, హాజరు వేయము, నివేదికలు రాయము. వారానికి ఒకసారి ఫోన్లో, నెలకు ఒకసారి వాళ్ల వార్డులో నిలబడతాం. వాళ్ల దగ్గర నుంచి నేర్చుకునేది కూడా మాకు చాలా ఉంది. మంచం పక్కనే అల్ట్రాసౌండ్ పెట్టి గుండె చుట్టూ నీరు చూడటం నాకు నేర్పింది నా విద్యార్థి ఒకడు, అప్పటికి నాకు యాభై ఏడేళ్లు.

ఎవరి ఉత్తర్వూ లేకుండానే రెండేళ్లుగా నేను ఒక జిల్లా కళాశాలలోని అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో ప్రతి గురువారం రాత్రి ఎనిమిదిన్నరకు మాట్లాడుతున్నాను. మొదటి నెలలో నేను చెప్పిందే ఎక్కువ, ఇప్పుడు ఆమె చెప్పేదే ఎక్కువ. పోయిన గురువారం ఆమె వార్డులో పురుగుల మందు తాగిన కుర్రవాడున్నాడు, మూడో రోజు. నేను అడగబోయేలోగా ఆమే, “తల ఎత్తుతున్నాడు మేడమ్, మా హౌస్ సర్జన్‌తో నాలుగు గంటలకొకసారి చూపించి రాయిస్తున్నాను” అంది. నెలకు రెండు రోజులు రాష్ట్రంలోని ఏ కళాశాలకైనా బస్సులో వెళ్లి రావడానికి నేను సిద్ధంగా ఉన్నాను, ప్రయాణ ఖర్చులు కూడా అక్కర్లేదు. వైద్య విద్యా శాఖ అడిగితే నాలాంటి మరో పదకొండు మంది పేర్లు, వారి అనుమతితో, మర్నాడే పంపగలను.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన జనరల్ మెడిసిన్ అధ్యాపకురాలు,
నల్లకుంట, హైదరాబాద్